అరవని ముఖం

"పాల సంగతి చెప్పమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ లూడ్కె మూడోసారి. "ముందు పాలు. ఏడుపు తర్వాత."

"నేనేం ఏడవడం లేదు," అంది రోజ్‌విటా ఓంకెన్ ముక్కు తుడుచుకుంటూ. "జలుబు చేసింది. మీ లాకప్‌లో కిటికీకి అద్దం లేదు. మూడు రాత్రులూ మంచు నా దుప్పటి మీదే కురిసింది."

లూడ్కె తలుపు దగ్గరున్న సార్జెంటు వైపు చూశాడు. సార్జెంటు పైకప్పు వైపు చూశాడు. ఆ అద్దం కోసం లూడ్కె పై ఆఫీసుకి రాసీ రాసీ విసిగిపోయాడు. అద్దం రాలేదు గానీ రాజధానిలోని పై ఆఫీసు నుంచి జైడ్లర్ అనే అధికారి వచ్చాడు.

వచ్చిన గంటలో ఈ అమ్మాయిని అరెస్టు చేశాడు.

చనిపోయింది మామూలు మనిషి కాదు. ప్రొఫెసర్ లేబరెష్ట్ ఓంకెన్. కళ అంటే ఏమిటో, అనుకరణ అంటే ఏమిటో జర్మనీ అంతటికీ నలభై ఏళ్ళుగా పాఠం చెప్పిన పెద్దాయన. బుధవారం ఉదయం తన మంచం మీద చచ్చి పడున్నాడు. వచ్చిన డాక్టరు కనురెప్పలు ఎత్తి చూసి, లోపల ఎర్రటి చుక్కలున్నాయనీ, ఇది గుండె ఆగిన చావు కాదు, ఊపిరి ఆగిన చావనీ చెప్పాడు. మంచం పక్కన పాల కప్పు. అడుగున మిగిలిన పాలలో వెరొనాల్ అనే నిద్రమందు. ఆ మందు డబ్బా రోజ్‌విటాది. ఇంట్లో ఉండేది ఆయనా, ఆయన తమ్ముడి కూతురైన ఈ రోజ్‌విటా మాత్రమే. వీలునామా ప్రకారం ఇల్లు ఆమెకే వస్తుంది.

జైడ్లర్‌కి ఇంకేం అక్కర్లేకపోయింది. ఈ శనివారం మధ్యాహ్నం ఒంటిగంట రైల్లో ఆమెను రాజధానికి తీసుకుపోతాడు. విషం పెట్టి చంపిందని అక్కడి కోర్టులో తేలితే తల తీస్తారు. ఒకసారి ఆ రైలెక్కితే, కేసు లూడ్కె చేతిలోంచి జారిపోయినట్టే.

గోడ గడియారం పది దాటింది.

"మంగళవారం సాయంత్రం చర్చిలో పాటల రిహార్సల్‌కి వెళ్ళాను," అంది రోజ్‌విటా. "తిరిగొచ్చేసరికి దాదాపు పదయింది. పెదనాన్న గది తలుపేసి ఉంది. రోజూలాగే పాలు వేడిచేసి, గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టాను. తలుపు కొట్టకూడదు. ఆయన ఆలోచనలో ఉంటే కోప్పడతారు."

"పొద్దున్న?"

"ఏడింటికి వెళ్తే పాలు అక్కడే ఉన్నాయి. మీగడ కట్టి."

లూడ్కె కుర్చీలో ముందుకి జరిగాడు. "అక్కడే అంటే? స్టూలు మీదా?"

"స్టూలు మీదే. నిండు కప్పు. ఈ మాట జైడ్లర్ గారికి రెండుసార్లు చెప్పాను. ఆయన కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు."

"మరి మంచం పక్కకి ఎలా వచ్చింది?"

"నేను అరిచాను. పెదనాన్న శిష్యుడు మెర్టెన్ గారు పరిగెత్తుకొచ్చారు. ఆయన రోజూ పొద్దున్నే పెదనాన్నతో నడకకి వెళ్తారుగా, అప్పటికే గేటు దగ్గర ఉన్నారు. కాలికి తగిలి ఒలికిపోతుందని కప్పు తీసి లోపల పెట్టారు. నన్ను డాక్టరు కోసం పంపించారు."

"అంటే నువ్వు తిరిగొచ్చేదాకా మెర్టెన్ ఒక్కడే కప్పుతో ఉన్నాడు."

"పెదనాన్నతో ఉన్నారు," అని సరిదిద్దింది. తర్వాత తనే ఆగి, ఇన్‌స్పెక్టర్ ముఖంలోకి చూసింది.

లూడ్కె దవడ రుద్దుకున్నాడు. యుద్ధంలో కింది దవడ సగం పోయింది. మిగిలిన సగానికి చలికాలం పడదు. పొద్దున తెచ్చుకున్న రొట్టె ముక్క బల్ల మీద అలాగే ఉంది. నమలాలంటే గంట పడుతుంది, ఇవాళ అంత తీరిక లేదు.

"ఇంకేం చూశావు? చిన్నదైనా సరే."

"ఆ మనిషి పడుకున్న తీరు చూసి మొదట నిద్రపోతున్నారనే అనుకున్నా. చెవి మడతలో సబ్బు నురగ ఎండిపోయి తెల్లగా ఉంది. గడ్డం గీయించుకుని సరిగ్గా కడుక్కోలేదు కాబోలనుకుని తుడిచాను. గీకితే గానీ రాలేదు. దిండు గలీబు జిడ్డుగా ఉంది. ఆయన తలకి నూనె రాసుకునే మనిషి కాదు."

"మంగళవారం గడ్డం గీయించుకున్నారా?"

"మంగలిని ప్రత్యేకంగా పిలిపించుకున్నారు. మామూలుగా శుక్రవారం వస్తాడు." రోజ్‌విటా కాస్త తటపటాయించింది. "ఇంకోటుంది. చెబితే నవ్వుతారు."

"నవ్వితే నాకు దవడ నొప్పి. చెప్పు."

"నెల రోజులుగా ఆయన సోఫాలో వెల్లకిలా పడుకుని, చేతి అద్దం ముఖం మీదకి పట్టుకుని, కళ్ళు మూసి, మళ్ళీ సందులోంచి చూసుకునేవారు. నన్ను పిలిచి, 'ఇలా ఉంటే నిద్రపోతున్నట్టుందా, ప్రశాంతంగా ఉందా? తేడా గమనించాలి' అనేవారు." ఆమె తెలియకుండానే చూపుడువేలు ఎత్తింది. ఆ ఊళ్ళో ప్రొఫెసర్‌ని తలుచుకున్న ప్రతివాళ్ళ వేలూ అలా లేస్తుంది. "ముసలితనం, మతి తప్పుతోందని భయపడ్డాను."

లూడ్కె నవ్వలేదు.

"బుధవారం మధ్యాహ్నం మెర్టెన్ చావు మాస్కు కోసం మీ పెదనాన్న ముఖానికి ప్లాస్టర్ అచ్చు తీశాడు కదా. నువ్వు చూశావా?"

"బక్కెట్‌తో వచ్చి తలుపేసుకున్నారు. అరగంటలో వెళ్ళిపోయారు. ప్లాస్టర్ కలిపిన చప్పుడు కూడా వినపడలేదు."

తలుపు దబ్బున తెరుచుకుంది. లోపలికి రావడానికి తలుపు తట్టే అలవాటు జైడ్లర్‌కి లేదు. నలభై ఏళ్ళ మనిషి, నిగనిగలాడే బూట్లు, పైకి దువ్విన జుట్టు. గదిలో ఎక్కడ అద్దం ఉంటే అక్కడ ఆగుతాడు. ఈ గదిలో అద్దం లేదు కాబట్టి బీరువా గాజు తలుపు ముందు ఆగి టై సర్దుకున్నాడు.

"ఇంకా పాల దగ్గరే ఉన్నారా లూడ్కె?"

"పాల దగ్గరే ఉన్నాను సార్. నిండు కప్పు పొద్దున దాకా గుమ్మం బయట ఉంటే, లోపలున్న మనిషి దేంతో చచ్చిపోయాడా అని చూస్తున్నాను."

"అలా అని ఎవరు చెప్పారు? హంతకురాలు చెప్పింది."

"మెర్టెన్‌ని అడిగారా?"

"మెర్టెన్ డాక్టరేట్ చేసిన మనిషి. దొంగల్ని ప్రశ్నించినట్టు ప్రశ్నించలేం." జైడ్లర్ గాజులోంచి చూపు తిప్పలేదు. "కప్పులో మందుంది. డబ్బా ఆమెది. ఇల్లు ఆమెకి. ఇంకేం కావాలి మీకు? శవం లేచొచ్చి వేలెత్తి చూపించాలా?"

"వేలెత్తడానికి ఆయన శిష్యులు చాలామంది ఉన్నారు లెండి. కడుపు పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగండి. వారం."

"మంత్రిగారు వారం ఆగరు. ఓంకెన్ గారి చావంటే పత్రికలన్నీ మన గుమ్మంలోనే ఉన్నాయి. ఒంటిగంట బండి. అమ్మాయిని ముప్పావుగంట ముందే స్టేషన్లో దించండి. బేడీలతో."

"జలుబుతో కూడా."

"ఏంటి?"

"ఏం లేదు. మీరు దగ్గరుండి తీసుకెళ్ళరా?"

జైడ్లర్ మొదటిసారి కొంచెం ఇబ్బంది పడ్డాడు. "నాకు పదిన్నరకి వేరే పనుంది. సొంత పని. బండి టైముకి వస్తాను." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఆ మాస్కు చూశారా లూడ్కె? ఓంకెన్ గారిది? చావులో అంత గాంభీర్యం ఎక్కడా చూడలేదు. అలాంటి ముఖం మిగిల్చి పోవాలంటే పుణ్యం చేసుకోవాలి. మీలాంటి వాళ్ళకి అర్థం కాదనుకోండి."

తలుపు మళ్ళీ దబ్బుమంది.

"నా ముఖానికి ఎవరూ అచ్చు తియ్యరనే కదా ఆయన ఉద్దేశం," అన్నాడు లూడ్కె సార్జెంటుతో. నిజానికి తీశారు. ఆ సంగతి ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. "అమ్మాయికి వేడిగా కాఫీ ఇవ్వు. నేనొచ్చేదాకా స్టేషన్‌కి తీసుకెళ్ళకు."

"జైడ్లర్ గారు అడిగితే?"

"బేడీల తాళం పోయిందని చెప్పు. అద్దంతో పాటు అదీ పంపమని పై ఆఫీసుకి రాశాం అను."

* * *

యూనివర్సిటీలో ఓంకెన్ విభాగం రెండో అంతస్తులో ఉంది. మెట్ల మలుపులో పెద్ద ప్లాస్టర్ విగ్రహం. ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు, ముగ్గుర్నీ చుట్టేసిన పాములు. గ్రీకు వాళ్ళ రాతి విగ్రహానికి పోత పోసిన నకలు. దాని పక్కనే హైనో అనే పరిశోధక విద్యార్థి ఎదురొచ్చాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. కానీ ఓంకెన్ లాగే మేక గడ్డం, ఓంకెన్ లాగే ఎడమ భుజం కొంచెం వంచిన నడక.

"మెర్టెన్ కావాలి," అన్నాడు లూడ్కె.

"డాక్టర్ గారు పనిలో ఉన్నారు. నేను చెప్పగలిగింది అడగండి." గొంతు కూడా ఓంకెన్‌దే. ముక్కులోంచి వచ్చే ఆ ఖంగుమనే గొంతు లూడ్కె పోయినేడు ఉపన్యాసంలో విన్నాడు. ఈ మూడు రోజుల్లో తను ప్రశ్నించిన ఆరుగురు శిష్యులూ అదే గొంతుతో మాట్లాడారు. ఎవడేం చెప్పాడో రాత్రి గుర్తుచేసుకోబోతే, చచ్చిన మనిషే ఆరుసార్లు సాక్ష్యం చెప్పినట్టు ఉంది.

"మీ ఊళ్ళో సొంత గొంతు ఎక్కడైనా దొరుకుతుందా? బజార్లో అమ్ముతారా?"

"అర్థం కాలేదు."

"సరే. మాస్కు చూపించు."

హైనో కదల్లేదు. విగ్రహం వైపు తిరిగాడు. పాఠం చెప్పడానికి అవకాశం దొరికితే వదిలేవాళ్ళు కాదు వీళ్ళెవరూ. "మాస్కు చూసే ముందు ఈ తండ్రిని చూడాలి. పాము కాటేస్తోంది. అయినా అరవడం లేదు. నోరు కొంచెమే తెరిచాడు. ఎందుకు? అరిస్తే ముఖం వికారమవుతుంది. ఉన్నదున్నట్టు దించితే అది నకలు. ఉండాల్సినట్టు తీర్చిదిద్దితే అది అనుకరణ." చూపుడువేలు లేచింది. "తేడా గమనించాలి."

"యుద్ధంలో నేను చాలామందిని చూశాను బాబూ. అందరూ అరిచారు."

"అది ప్రకృతి. ఇది కళ."

"అది మనుషులు. పద."

మాస్కు ఓంకెన్ బల్ల వెనక, నల్ల వెల్వెట్ గుడ్డ మీద వేలాడుతోంది. లూడ్కె టోపీ తీసి బల్ల మీద పెట్టి దాని ముందు నిలబడ్డాడు. ముఖం అందంగా ఉన్న మాట నిజం. మూసిన కళ్ళు. నున్నటి నుదురు. బిగిసిన పెదవులు, చివర్న పైకి లేచిన చిన్న నవ్వు. అన్నీ తెలిసిన మనిషి తృప్తిగా కన్నుమూసినట్టుంది.

"మీ ప్రొఫెసర్‌కి ఈ మాస్కులంటే గిట్టదని విన్నాను."

"గిట్టేది కాదు," ఒప్పుకున్నాడు హైనో. "చచ్చిన ప్రతి ప్రొఫెసర్‌కీ మాస్కు తీసి లైబ్రరీ వరండాలో పెట్టడం ఇక్కడి ఆచారం. ఓంకెన్ గారు ఆ వరండాలో నడిచేవారే కాదు. చుట్టూ తిరిగి వెళ్ళేవారు. చచ్చాక కండ జారిపోతుంది, దవడ వేలాడుతుంది, ఆ జారుడుని నకలు తీసి గోడకి కొడతారా అని పెద్ద వ్యాసమే రాశారు. కానీ చివర్లో మనసు మార్చుకున్నారని మెర్టెన్ గారు చెప్పారు. ఈ ముఖం చూశాక మాకూ అర్థమైంది. చావులో కూడా ఆయన నకలు కాలేదు. అనుకరణే అయ్యారు."

"ఏం మాటలయ్యా ఇవి," అన్నాడు లూడ్కె. "దవడ వేలాడుతుందన్నారా?"

"అవును."

"మరి ఇది వేలాడలేదేం?"

హైనో వేలు సగంలో ఆగింది.

లూడ్కె అగ్గిపుల్ల గీసి మాస్కుకి కిందనుంచి పట్టుకున్నాడు. బుధవారం ఎనిమిదింటికి తను చూసిన శవానికి గడ్డం కిందనుంచి గుడ్డ కట్టారు. బుగ్గలు చెవుల వైపుకి జారిపోయాయి. ఇక్కడ బుగ్గలు ఉన్నచోటే ఉన్నాయి. పెదవుల్ని పళ్ళ మీదకి ఎవరో లోపల్నుంచి బిగించి పట్టుకున్నారు. కనుబొమల మధ్య సన్నటి ముడి. చల్లటి ముద్ద మీద పడబోతోందని తెలిసినవాడికి మాత్రమే పడే ముడి.

అగ్గిపుల్ల ముక్కు కిందకి వెళ్ళింది. రెండు ముక్కుపుటాల చుట్టూ ఆకురాయితో అరగదీసిన గుండ్రటి మచ్చలు. సమానంగా, బఠాణీ గింజంత.

అగ్గిపుల్ల వేలు కాల్చింది. లూడ్కెకి తెలియలేదు.

యుద్ధం చివర్లో, సైనిక ఆసుపత్రిలో, పోయిన దవడకి తొడుగు చెయ్యడం కోసం తన ముఖానికి అచ్చు తీశారు. కనుబొమలు ఊడిరాకుండా నూనె రాశారు. కళ్ళమీద, నోటిమీద ప్లాస్టర్ పోశారు. ముందు చల్లగా ఉంటుంది. తర్వాత బరువెక్కుతుంది. తర్వాత వేడెక్కుతుంది. పావుగంటలో రాయవుతుంది. ఆ పావుగంటా మనిషిని బతికించేవి ముక్కులో దూర్చిన రెండు బాతు ఈకల గొట్టాలు. వాటిలోంచి వచ్చే సన్నటి గాలి తప్ప ఈ లోకంలో ఇంకేమీ ఉండదు. ఆ ఈకలు ముక్కులో ఉన్నచోట ఇలాంటి మచ్చలే పడతాయి.

చచ్చినవాడికి గాలితో పని లేదు. ఈకలు పెట్టాల్సిన అవసరం లేదు.

"ఇది బతికున్న మనిషి ముఖం," అన్నాడు లూడ్కె మెల్లగా.

"అలా ఎలా?" హైనో గొంతులోంచి ఓంకెన్ మాయమయ్యాడు. "బుధవారం మధ్యాహ్నం కదా తీసింది?"

"బుధవారం మధ్యాహ్నం వాడు ఖాళీ బక్కెట్‌తో వెళ్ళి గదిలో కూర్చుని వచ్చాడు. పొద్దున ఏడింటికే శవం చెవిలో ప్లాస్టర్ ఎండిపోయి ఉంది. పిచ్చిపిల్ల సబ్బు అనుకుని గీకేసింది. దిండుకి కనుబొమల నూనె. ముందురోజు మంగలి. నెల రోజుల అద్దం." విసుగంతా కట్టలు తెంచుకుని వచ్చేసింది. "మీ గురువు ఎంత తెలివైనవాడో చూశావా? చచ్చాక తీసే మాస్కు నకలు కాబట్టి వద్దన్నాడు. బతికుండగానే చచ్చినట్టు నటించి, నచ్చినట్టు నవ్వు తీర్చిదిద్దుకుని, దాన్ని తన చావు ముఖంగా మిగల్చాలనుకున్నాడు. చావుని కూడా అనుకరించాలి. ఉండాల్సినట్టు ఉండాలి. ఇలాంటి పని చెయ్యడానికి మామూలు వెధవ చాలడు, ప్రొఫెసరే కావాలి."

"రహస్యంగానా?"

"వరండాలో నడవనని వ్యాసం రాసినవాడు నలుగురికీ చెప్పి చేయించుకుంటాడా? అమ్మాయి పాటలకి వెళ్ళిన సాయంత్రం, ఇంట్లో, నమ్మకమైన శిష్యుడితో." లూడ్కె టోపీ తీసుకున్నాడు. "ప్లాస్టర్ గట్టిపడ్డాక ముఖం కదలదు హైనో. లోపల మనిషి ప్రాణం పోతున్నా సరే, పైన ముఖం నవ్వుతూనే ఉంటుంది. అరవడానికి నోరు ఉండదు. గాలి కోసం ముక్కులో పెట్టిన రెండు ఈకల్నీ వేళ్ళతో మూస్తే చాలు. ఊపిరి ఆగిన చావు. కళ్ళలో ఎర్ర చుక్కలు. డాక్టరు అది పట్టేస్తాడని తెలిసి మెర్టెన్‌కి ఇంకో కారణం కావలసి వచ్చింది. వంటింట్లో వెరొనాల్ దొరికింది. గుమ్మంలో పాలు దొరికాయి. మందు కలిపి, అడుగున కాస్త ఉంచి మిగతావి పారబోశాడు."

హైనో మళ్ళీ మాస్కు వైపు తిరిగాడు. "మెర్టెన్ గారు... ఆయనకి ప్రొఫెసర్ అంటే ప్రాణం. ఆయన చెప్పులు కూడా అదే కొట్లో కొనేవారు."

"ఆ ప్రాణమే ఎప్పుడు చెడిందో చెప్పు."

హైనో నేల చూస్తూ చెప్పాడు. "పోయిన నెల క్లాసులో. తన తర్వాత ఈ ప్రొఫెసర్ పీఠం ఎవరిదో ప్రకటించారు. ఇంకో ఊరి మనిషి పేరు చెప్పారు. మెర్టెన్ గారు లేచి, పదిహేనేళ్ళుగా మీ అడుగులో అడుగు వేశాను కదా అన్నారు. దానికి ప్రొఫెసర్ అన్నారు..." ఈసారి ఆ గొంతు తెచ్చుకోవడం హైనోకి కష్టమైంది. "'నువ్వు నా శిష్యుడివి కావు మెర్టెన్. నన్ను పోత పోసిన బొమ్మవి. తేడా గమనించాలి.' అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

"మెర్టెన్ ఎక్కడ?"

"కింద, ప్లాస్టర్ విగ్రహాలుండే పోతల హాల్లో. చెప్పానుగా, పనిలో ఉన్నారు." హైనో చూపు మెట్ల వైపు తిరిగింది. "రాజధాని నుంచి వచ్చిన పెద్దమనిషి ముఖానికి అచ్చు తీస్తున్నారు. ఆ మాస్కు చూసినప్పట్నుంచీ ఆయనే సరదా పడ్డారట."

లూడ్కె మెట్లు దిగుతూ కోటు జేబు తడుముకున్నాడు. పిస్తోలు లేదు. ఆఫీసు సొరుగులో ఉంది. ప్రొఫెసర్లని ప్రశ్నించడానికి పిస్తోలు ఎందుకని పొద్దున తనే పెట్టి వచ్చాడు.

* * *

పోతల హాలుకి ఇనుప జాలీ తలుపు. లోపల్నుంచి తాళం. జాలీ వెనక తెల్లటి దేవుళ్ళూ, వీరులూ, చేతుల్లేని ఆడవాళ్ళూ వరసలుగా నిలబడి ఉన్నారు. నడుమ ఒక పొడవాటి బల్ల. దాని మీద గుడ్డ కప్పుకుని పడుకున్న మనిషి. ఛాతీ మీదా, మోచేతుల మీదా తోలు పట్టీలు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి ముద్ద. ముద్దలోంచి పైకి లేచిన రెండు ఈకలు. బల్ల అంచున నిగనిగలాడే బూట్లు.

తల దగ్గర మెర్టెన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మేక గడ్డం, వంచిన ఎడమ భుజం.

"నెమ్మదిగా, ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు ఓంకెన్ గొంతుతో. "తలుపు అలా ఊపితే విగ్రహాలు కదులుతాయి. ఆయన భావం పాడవుతుంది. గాంభీర్యం కావాలని అడిగారు. ఎంతో కష్టపడి తెచ్చుకున్నారు."

"తలుపు తెరువు."

"ఇంకా గట్టిపడలేదు."

"ముక్కు కింద మచ్చలు చూశాను మెర్టెన్. ఆకురాయితో బాగానే గీశావు. కానీ నేనూ ఒకసారి అలా పడుకున్నవాణ్ణే."

బల్ల మీద జైడ్లర్ కదిలాడు. చెవుల మీద ప్లాస్టర్ ఉండి మాటలు తెలియకపోయినా, లూడ్కె గొంతు గుర్తుపట్టినట్టుంది. పట్టీ కిందనుంచి బయటికున్న మణికట్టు లేచింది. పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. పని చెడగొట్టడానికి వచ్చిన కింది ఉద్యోగిని గదిమినట్టు, విసురుగా, రెండుసార్లు.

"చూశారా," అన్నాడు మెర్టెన్. "ఆయనే వెళ్ళమంటున్నారు."

"జైడ్లర్ గారూ, ముఖం మీది ముద్ద పీకెయ్యండి," అని అరిచాడు లూడ్కె. "లేవండి."

చెయ్యి ఇంకా విసుగ్గా ఊగింది.

లూడ్కె జాలీని భుజంతో గుద్దాడు. ఇనుము మోగింది గానీ వంగలేదు. వెనక మెట్ల మీద హైనో నిలబడిపోయి చూస్తున్నాడు. "ఇంకో తాళం చెవి," అన్నాడు లూడ్కె తల తిప్పకుండా. "ఎక్కడుంటే అక్కడ. పరిగెత్తు." అడుగుల చప్పుడు పైకి పోయింది.

మెర్టెన్ చూపుడువేలు ఎత్తాడు. ఊరంతటికీ తెలిసిన అదే వేలు. కానీ ఈసారి అది గాలిలో ఆగలేదు. నెమ్మదిగా దిగి కుడి ఈక కొన మీద వాలింది. బొటనవేలు ఎడమ ఈక పక్కన సిద్ధంగా నిలిచింది.

"పిల్ల కోసం వచ్చారు కదా మీరు," అన్నాడు.

లూడ్కె ఉలిక్కిపడ్డాడు. అది ఓంకెన్ గొంతు కాదు. ముక్కులోంచి రాలేదు, ఖంగుమనలేదు. సన్నగా, పలచగా, వాడకం లేక తుప్పు పట్టినట్టున్న గొంతు. పదిహేనేళ్ళ తర్వాత మెర్టెన్ తన సొంత గొంతుతో మాట్లాడుతున్నాడు.

"ఒంటిగంట బండికి రోజ్‌విటాని ఎక్కించండి. ఇక్కణ్ణుంచే కేకేసి మీ మనిషిని స్టేషన్‌కి పంపండి. బండి కదిలిందని తెలిశాక తాళం తీస్తాను. ఈయన లేచి, ముఖం కడుక్కుని, అందమైన మాస్కు పట్టుకుని తర్వాతి బండికి వెళ్ళిపోతారు. మీరు చెప్పే ఈకల కథ ఆయనకే చెప్పుకోండి. నమ్ముతారేమో చూద్దాం."

"లేకపోతే?"

"లేకపోతే ఇంకో ప్రశాంతమైన ముఖం."

గోడ గడియారం పదకొండు కొట్టింది. బల్ల మీద జైడ్లర్ ఛాతీ ఏ తొందరా లేకుండా లేచి దిగుతోంది. చెయ్యి ఇంకా అలాగే, పో, పో అంటోంది. ఆ పిల్లని కోర్టుకి పంపితే ఆమె తల పోతుంది. పంపకపోతే ఈ మూర్ఖుడి ప్రాణం పోతుంది. చుట్టూ ఉన్న తెల్లటి ముఖాల్లో ఒక్కటీ అరవడం లేదు.

"నేను కేకెయ్యను," అన్నాడు లూడ్కె.

మెర్టెన్ ముఖంలో ఏమీ మారలేదు. చూపుడువేలు కుడి ఈకని మూసింది. ఒక్క క్షణం ఆగి, బొటనవేలు ఎడమ ఈకని మూసింది.

ఊగుతున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. అయిదు వేళ్ళూ విచ్చుకున్నాయి. బూట్లు బల్లని ఒకసారి తన్నాయి, మళ్ళీ తన్నాయి. ముద్ద కింద ముఖం మాత్రం గంభీరంగా, కోరుకున్నట్టే ఉంది.

ఇందాకటి దాకా పొమ్మన్న ఆ చెయ్యి జాలీ వైపు తిరిగి, రమ్మని పిలుస్తోంది.